యానిమేషన్ కోసం ఇంటర్ మానేయాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ. వాల్ట్ డిస్నీ కూడా బడి మధ్యలోనే మానేశాడంటూ, చదువు ఆపి యానిమేషన్ నేర్చుకుంటానని పట్టుబడుతున్నాడు. ఏం చెప్పమంటారు?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే. 1901లో షికాగోలో పుట్టిన డిస్నీ పదహారేళ్లకే హైస్కూలు వదిలేశారు. అయితే పగలు ఆ బడికి వెళ్తూనే, రాత్రిపూట లలితకళల అకాడమీలో బొమ్మలు నేర్చుకున్న సంగతి కూడా అతనికి చెప్పండి.

కాన్సస్ సిటీలో ఆయన నడిపిన స్టూడియో 1923లో దివాలా తీసింది. అదే ఏడాది హాలీవుడ్‌లో అన్న రాయ్‌తో కలిసి మళ్లీ మొదలుపెట్టారు. 1928లో ఓస్వాల్డ్ అనే కుందేలు పాత్ర హక్కులతో పాటు చాలామంది చిత్రకారులనూ పోగొట్టుకున్నారు. ఆ తర్వాత వచ్చిన మిక్కీ మౌస్‌ను తొలి చిత్రాలలో గీసింది ప్రధానంగా అబ్ ఐవర్క్స్ అనే సహచర చిత్రకారుడు. అప్పటికే డిస్నీ స్వయంగా గీయడం మాని, కథ, పాత్రల స్వభావం, శబ్దం చూసుకునేవారు; డబ్బు వ్యవహారాలు రాయ్‌వి. బొమ్మలు గీయడం, కథను నడిపించడం, డబ్బు చూసుకోవడం – ఈ మూడు పనుల్లో తనకు నచ్చుతున్నది ఏదో మీ అబ్బాయిని అడిగి చూడండి.

నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది 1932 నాటి సంగతి. తన చిత్రకారుల నైపుణ్యం చాలదని గ్రహించిన డిస్నీ, షూనార్డ్ కళాశాల అధ్యాపకుడు డాన్ గ్రాహంను స్టూడియోకే రప్పించి, ఎదురుగా మనుషులను నిలబెట్టి వారి ఒడ్డూ పొడుగూ కదలికా గీయించే తరగతులు పెట్టించారు. 1937 నాటి పూర్తి నిడివి యానిమేషన్ చిత్రం 'స్నో వైట్' వెనుక ఆ సాధన ఉంది. 1955 జులై 17న కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో ప్రారంభమైన డిస్నీలాండ్ వినోద ఉద్యానానికి రూపకల్పన చేసినవారిలోనూ స్టూడియో కళాదర్శకులు, యానిమేటర్లు ఉన్నారు. 1961లో షూనార్డ్‌ను ఒక సంగీత విద్యాలయంతో కలిపి కాల్‌ఆర్ట్స్ అనే కళల విద్యాసంస్థను నెలకొల్పడంలోనూ ఆయన ముందున్నారు. బడి మానేసిన మనిషే కళాశాల కట్టించాలని తపించారు.

తండ్రిగా మీరు తెలుసుకోవలసిన మరో విషయం కూడా ఉంది. 1941లో ఆయన స్టూడియో చిత్రకారులే జీతాలు, గుర్తింపు కోసం సమ్మె చేశారు. కాబట్టి ఈ రంగంలో ఉద్యోగ షరతులు మొదటినుంచీ అడిగి తెలుసుకోవాలి.

ఇంటర్ పూర్తి చేయించండి. అహ్మదాబాద్ ఎన్‌ఐడీ (జాతీయ డిజైన్ సంస్థ)లో యానిమేషన్ ఫిల్మ్ డిజైన్‌కు, హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం)లో బీఎఫ్‌ఏ (లలితకళల డిగ్రీ) యానిమేషన్‌కు ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఇంటర్ ఏ గ్రూపుతో చదివినా రాయవచ్చు. ఈలోగా సాఫ్ట్‌వేర్ కోర్సుకు ఫీజు కట్టకండి. ఒక డ్రాయింగ్ పుస్తకం కొనిచ్చి, రోజూ గంటసేపు బస్టాండులోనో రైతుబజారులోనో కనిపించే మనుషులను గీయమనండి.