సుడోకు కంటే ముందు చెవులు చూపించండి

మా నాన్నగారికి 72 ఏళ్లు, మరుపు ఎక్కువైంది, సుడోకు నేర్పిస్తే మెదడు చురుగ్గా ఉంటుందా అని ఒకరు అడిగారు. ఇష్టపడితే నేర్పించండి, నష్టమేం లేదు. కానీ ముందు చెవులు పరీక్ష చేయించండి.

మా మామగారు రిటైరైన తెలుగు మాస్టారు. డెబ్బై దాటాక ఏం చెప్పినా గుర్తుండట్లేదని ఇంట్లో ఒకటే టెన్షన్. "రేపు కరెంటు బిల్లు కట్టాలి మామయ్యగారూ" అంటే "ఊఁ" అనేవారు. మర్నాడు అడిగితే "ఎప్పుడు చెప్పావమ్మా?" ఈఎన్‌టీ డాక్టరు ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయిస్తే రెండు చెవులకూ వినికిడి బాగా తగ్గిందని తేలింది. మళ్లీ మళ్లీ అడగడానికి మొహమాటపడి ఊఁ కొట్టేవారన్నమాట. చెవిన పడని మాట గుర్తెలా ఉంటుంది? పెళ్లిళ్లకు రాననడం, అరుగు మీద కబుర్లు మానేయడం కూడా అందుకే.

ఇది మా ఇంటి సంగతే కాదు. లాన్సెట్ వైద్య పత్రిక ఏర్పాటు చేసిన నిపుణుల కమిషన్ 2024 నివేదికలో డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ముప్పు పెంచేవిగా, మనం సరిదిద్దుకోగలిగినవిగా 14 కారణాలు చెప్పారు. వాటిలో వినికిడి లోపం, చూపు తగ్గడం, బీపీ, షుగరు, ఒంటరితనం ఉన్నాయి.

మామగారికి వినికిడి మెషిన్ పెట్టించాక కొన్నాళ్లు సణుగుడే. గిన్నెల చప్పుడు, ఫ్యాను హోరు భరించలేక తీసి డబ్బాలో పడేసేవారు. రోజుకో గంట మొదలుపెట్టి మెల్లగా పెంచితే అలవాటైంది.

ఇప్పుడు మా ఇంట్లో ఆట అవధానం. పూర్తిగా కాదులెండి, అంత పాండిత్యం మాకెక్కడిది! ఘంటాగణనం ఒక్కటే. అవధాని పద్యం చెబుతుంటే మధ్యమధ్యలో గంట కొడతారు, ఎన్నిసార్లు కొట్టారో ఆయన చెప్పాలి కదా. మామగారు వేమన పద్యాలు చదువుతుంటే మా అబ్బాయి చెంచాతో స్టీలు గ్లాసు మీద కొడతాడు. ధ్యాస మళ్లించే అప్రస్తుత ప్రసంగం నా డ్యూటీ: "వంకాయ కూరలో కారం పెట్టి వండనా, అల్లం వేయనా?" వంకాయ దగ్గర లెక్క తప్పినా ఒప్పుకోరు, వాడే దొంగదెబ్బ కొట్టాడంటారు. సుడోకు ఒంటరి ఆట. ఇందులో వినాలి, బదులివ్వాలి, పోట్లాడాలి. నాకిదే నచ్చింది.

చెవులతోపాటు బీ12 విటమిన్, థైరాయిడ్ పరీక్షలూ చేయించండి. శాకాహారులకు, చాలాకాలంగా మెట్‌ఫార్మిన్ అనే షుగరు మందు వాడేవారికి బీ12 తగ్గే అవకాశం ఎక్కువ. మత్తు తెప్పించే జలుబు, అలర్జీ మాత్రలు కూడా పెద్దవాళ్లలో మతిమరుపు పెంచుతాయి, డాక్టరుకు వాటి పేర్లన్నీ చూపించండి. తెలిసిన వీధిలోనే దారి తప్పడం, చిల్లర లెక్కలో తికమకపడడం లాంటివి కనిపిస్తే మాత్రం ఆటలతో కాలక్షేపం చేయకుండా వెంటనే న్యూరాలజిస్టు దగ్గరకు తీసుకెళ్లండి.