వందేళ్ల గ్రంథాలయ భవనాన్ని నిలబెట్టాలంటే కమిటీ ఏ పని ముందు చేయాలి?

మీరు చెప్పినదాన్ని బట్టి: డంగు సున్నంతో కట్టిన గోడలు, పైన టేకు దూలాల మిద్దె, శిథిలమైందని కూల్చి కొత్తది కడతామంటున్న పంచాయతీ, చేతిలో 4 లక్షల చందా, ముందు సిమెంటు ప్లాస్టరింగ్ చేయించమంటున్న మేస్త్రీ. ముందు ఆ మేస్త్రీని ఆపండి. డబ్బు బ్యాంకులో ఉండనివ్వండి. మొదట కాగితాలు, తర్వాత నీళ్లు, చిట్టచివర పూత.

కాగితాలంటే, సమాచార హక్కు చట్టం కింద నాలుగు నకళ్లు అడగండి: స్థలం ఎవరి పేరున ఉందో చూపే రికార్డు, కూల్చాలన్న తీర్మానం, శిథిలమని రాసిచ్చిన ఇంజనీరు నివేదిక, ఆ నివేదికకు ముందు చేసిన పరీక్షల వివరాలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పరీక్షలేవీ జరగలేదని తేలితే మీ వాదనకు అదే బలం. సున్నం కట్టడాల మీద పనిచేసిన స్ట్రక్చరల్ ఇంజనీరు చేత మరో నివేదిక రాయించి జతచేయండి. అలాంటివాళ్ల ఆచూకీ వారసత్వ కట్టడాల పరిరక్షణకు పనిచేసే ఇంటాక్ సంస్థ శాఖల్లో దొరుకుతుంది. హైదరాబాద్‌లోని పాత ప్యాలెస్ ఎర్రమంజిల్ సంగతి గుర్తుందిగా. దాన్ని కూల్చి కట్టాలనుకున్న కొత్త అసెంబ్లీకి 2019 జూన్‌లో శంకుస్థాపన కూడా అయిపోయింది. పౌరులు వేసిన పిటిషన్ల మీద సెప్టెంబరు 16న హైకోర్టు మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టేసింది. వారసత్వ జాబితాలో ఉన్న భవనం విషయంలో చట్టం చెప్పిన పద్ధతి పాటించలేదన్నదే అక్కడ కీలకమైంది. మీ భవనం ఏ జాబితాలోనూ లేకపోతే ఆ రక్షణ ఉండదు కాబట్టి, రక్షిత కట్టడంగా గుర్తించమని పురావస్తు శాఖకు దరఖాస్తు ఇప్పుడే పెట్టండి. తెలంగాణలో 2017 వారసత్వ చట్టం, ఆంధ్రలో 1960 నాటి ప్రాచీన కట్టడాల చట్టం వర్తిస్తాయి. కమిటీని సొసైటీగా రిజిస్టర్ చేయించడానికి కనీసం ఏడుగురు కావాలి. అది లేకుండా పంచాయతీతో ఒప్పందం రాసుకోవడం కష్టం.

ఇక నీళ్లు. పాత భవనాలను తినేసేది అదే. మిద్దె తూములు పూడిపోయాయా, పిట్టగోడ మొదట్లో పగుళ్లున్నాయా చూడండి. రోడ్డు ఏటా పెరిగి బయటి నేల గది గచ్చు కంటే ఎత్తయిందేమో కొలవండి. అలా అయితే గోడ వెంట మట్టి తీసి, నీళ్లు బయటికి పోయేలా వాలు ఇస్తే చెమ్మ చాలావరకు తగ్గుతుంది. ఖర్చు కూలీల వరకే.

మిద్దె మీద ఇదివరకు ఎన్నిసార్లు సిమెంటు వేశారో ఒక మూల చిన్న గుంట తవ్వి లెక్కపెట్టండి. రెండంగుళాల పొర చదరపు మీటరుకు దాదాపు 120 కిలోలు. వంద చదరపు మీటర్ల కప్పు మీద అలాంటి పొర ఒక్కటే 12 టన్నులు. కారుతోందని మళ్లీ మళ్లీ పోసేకొద్దీ దూలాలు వంగుతాయి, వంగితే మళ్లీ పగుళ్లు, మళ్లీ కారడం. దూలాల కొసలు గోడలో దూరే చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. అంగుళం లోపలికి సులువుగా దిగితే ఆ కొస పుచ్చినట్టే. మొత్తం దూలం మార్చాలనేమీ లేదు. కొస కోసి కొత్త టేకు అతికించి, రెండు పక్కలా ఉక్కు పలకలతో బోల్టులు వేయొచ్చు. ఆ పని అయ్యేదాకా కింద ఊతకర్రలు పెట్టాల్సిందే. కొత్త కొస చుట్టూ గాలి ఆడేలా కాస్త సందు వదలండి, లేదంటే మళ్లీ పుచ్చుతుంది.

గోడ పగులు పాతదా, ఇంకా కదులుతోందా తెలియాలంటే దాని మీద అడ్డంగా సన్నని గాజు పట్టీ అతికించి తేదీ రాయండి. ఒక వానాకాలం చూడండి. పట్టీ పగిలితే పునాది సంగతి తేల్చుకోకుండా పూత జోలికి వెళ్లొద్దు.

సిమెంటు ఎందుకు వద్దంటే, సున్నం గోడ లోపలి చెమ్మను బయటికి ఆరబెడుతుంది, సిమెంటు పూత దాన్ని లోపలే బంధిస్తుంది. ఆ చెమ్మలోని ఉప్పు పూత వెనక పేరుకుని ఇటుక ముఖాన్ని పొడి చేస్తుంది. కొన్నేళ్లలోనే పూత పెచ్చులుగా ఊడుతుంది, ఇటుకనూ పట్టుకుపోతుంది. ఇప్పటికే ఉన్న సిమెంటును చేతి ఉలితో మెల్లగా తీయించండి, కరెంటు బ్రేకర్ వద్దు. ఇటుక ఊడొచ్చేంత గట్టిగా పట్టిన చోట వదిలేయడమే మేలు.

సున్నం పనికి ముందు నుంచే సిద్ధపడాలి. కాల్చిన సున్నం రాళ్లను నీళ్లలో వేయాలి, రాళ్ల మీద నీళ్లు పోస్తే పైకి చిమ్మి కళ్లు పోతాయి. వడగట్టి కనీసం మూడు వారాలు గుంటలో నాననివ్వాలి. తొందరపడితే నానని పలుకులు తర్వాత గోడ మీద పొక్కులై పేలతాయి. పాళ్లు: సున్నం ఒకటి, ఇటుక పొడి ఒకటి, ఇసుక రెండు. ముందు ఒక చదరపు మీటరు మేర వేసి చూడండి. సన్న పగుళ్లు వస్తే సున్నం ఎక్కువైంది, లేదా త్వరగా ఆరింది. గోడను బాగా తడిపి, పొర అర అంగుళం మించకుండా, రెండు పొరల మధ్య వారం పైన విరామమిచ్చి, గోనెపట్టాలతో రెండు వారాలు తడిగా ఉంచండి. మే నెల ఎండలో ఈ పని పెట్టుకోవద్దు. పైన ప్లాస్టిక్ ఎమల్షన్ కాకుండా పలచటి వెల్ల మూడుసార్లు.

4 లక్షలతో ఇవన్నీ అవుతాయని అనుకోవద్దు. తూములు, మట్టి తీయడం, ఊతకర్రలు, ఇంజనీరు నివేదిక, ఈ నాలుగింటికీ ముందు పెట్టి, పూతకు మళ్లీ చందా ఎత్తండి. గోడలో మొలిచిన రావి మొక్కను మాత్రం పీకొద్దు, వేరుతో ఇటుకలూ వస్తాయి. కాండం కోసి, ఆ మేర ఇటుకలు జాగ్రత్తగా విప్పి వేరు పూర్తిగా తీసి, సున్నంతోనే తిరిగి కట్టించండి.