జర్నల్ అంకెను బట్టి పరిశోధనకు విలువ కట్టవచ్చా?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న: నేను కావలిలో డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధిస్తున్నాను. మన జిల్లా చెరువులకు వచ్చే పక్షులను కొన్నేళ్లు పరిశీలించి రాసిన వ్యాసం ఒకటి జీవావరణ శాస్త్ర జర్నల్‌లో అచ్చయింది. ఒక జర్నల్ వ్యాసాలను ఇతరులు సగటున ఎన్నిసార్లు పేర్కొన్నారో చెప్పే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనే అంకె ఆ జర్నల్‌కు ఒకటికి కాస్త ఎక్కువ. జీవరసాయన శాస్త్రంలో పనిచేసే మా సహోద్యోగి వ్యాసం వచ్చిన జర్నల్‌ది ఆరు. పదోన్నతి దరఖాస్తులు పరిశీలించే సంఘంలో ఒకరు ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి, నా పని విలువ ఆయన పనిలో ఆరో వంతు అన్నట్టు మాట్లాడారు. ఈ లెక్క న్యాయమేనా?
— ఒక అధ్యాపకురాలు, కావలి

సమాధానం: న్యాయం కాదు. ఆ అంకె మీ వ్యాసాన్ని చదివి వేసినది కాదు, మీ వ్యాసం వచ్చిన జర్నల్‌కు మొత్తంగా వేసినది. అది ఎందుకు పుట్టిందో తెలిస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. ఏ వ్యాసాన్ని తర్వాతి కాలంలో ఎవరెవరు ఆధారంగా పేర్కొన్నారో చూపే సూచిక ఒకటి ఉండాలని అమెరికాకు చెందిన యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ‘సైన్స్’ పత్రికలో ప్రతిపాదించారు. 1960లలో ఆయన ఆ సూచికను తయారుచేస్తున్నప్పుడు, అందులో ఏయే జర్నళ్లను చేర్చుకోవాలో తేల్చుకోవడానికి అర్వింగ్ షెర్‌తో కలిసి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనే లెక్కను రూపొందించారు. వ్యాసాలు తక్కువగా వేసే మంచి జర్నళ్లు పెద్ద జర్నళ్ల మధ్య మరుగున పడిపోకూడదన్నది వారి ఉద్దేశం. తర్వాత ఏ జర్నల్‌కు చందా కట్టాలో నిర్ణయించుకునే గ్రంథాలయాధికారులకు అది పనికివచ్చింది. ఒక అధ్యాపకురాలి పదోన్నతిని తేల్చడానికి దాన్ని ఎవరూ తయారుచేయలేదు.

లెక్క చేసే పద్ధతి ఇది. ఒక జర్నల్ 2022, 2023 సంవత్సరాలలో కలిపి 100 పరిశోధన, సమీక్షా వ్యాసాలు ప్రచురించిందనుకుందాం. 2024లో వెలువడిన ఇతర వ్యాసాలు ఈ రెండేళ్ల వ్యాసాలను 250 సార్లు పేర్కొంటే, ఆ జర్నల్ 2024 ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2.5 అవుతుంది. అంటే ఇది ఒక సగటు. ఈ 250లో 130 రెండే రెండు వ్యాసాలకు వచ్చి ఉండవచ్చు, మిగిలిన 98 వ్యాసాలు 120 పంచుకుని ఉండవచ్చు. రొయ్యల గుంటలో వల విసిరి కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో) చూసిన రైతు ఆ గుంట మొత్తం మీద పెరుగుదల ఎలా ఉందో చెప్పగలడు కానీ, అందులోని ఫలానా రొయ్య బరువు ఇంత అని ఆ కౌంట్‌ను బట్టి చెప్పలేడు. ‘నేచర్’ పత్రిక 2005లో తన సంపాదకీయంలో తానే లెక్క వేసి చూపిన విషయం ఇక్కడ గుర్తుచేయాలి: అంతకుముందు సంవత్సరం తనకు వచ్చిన అంకెలో 89 శాతం తన వ్యాసాలలో 25 శాతం వల్లనే వచ్చిందని అది రాసింది. అంత పేరున్న పత్రికలోనే నాలుగింట మూడు వంతుల వ్యాసాలు సగటుకు బాగా దిగువన ఉన్నప్పుడు, జర్నల్ సగటును ఒక వ్యాసం నెత్తిన పెట్టడంలో అర్థం లేదు.

రెండు శాస్త్రాలను పక్కపక్కన పెట్టడం మరో పెద్ద పొరపాటు. జీవరసాయన శాస్త్రంలో పరిశోధకులు ఎక్కువ, ఫలితాలు వెంటవెంటనే వస్తాయి, ఒక్కో వ్యాసం చివర ఉండే ఆధారాల జాబితాలో నిరుటివీ మొన్నటివీ ఎక్కువగా ఉంటాయి. జీవావరణ శాస్త్రం ఋతువుల వెంట నడవాలి. మన జిల్లాకు వాన ఎక్కువగా అక్టోబరు నుండి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. అది బాగా కురిసిన ఏడాది చెరువులు నిండుతాయి, గూడబాతులు గూళ్లు కడతాయి. కురవని ఏడాది పక్షులు వేరే దారి చూసుకుంటాయి. ఒక మంచి ఏడాదిని, ఒక చెడ్డ ఏడాదిని చూడకుండా ఏ పరిశోధకురాలూ ఏమీ తేల్చి చెప్పలేదు. మీ వ్యాసం చదివి, దాని మీద ఆధారపడి మరొకరు నేలపట్టులోనో పులికాట్‌లోనో పని మొదలుపెట్టి, ఆ ఫలితాన్ని అచ్చు వేయించేసరికి రెండేళ్ల గడువు ఎప్పుడో దాటిపోతుంది. ఆ రోజు మీ వ్యాసాన్ని వారు ఎంత గౌరవంగా పేర్కొన్నా, ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌లో దానికి చోటు ఉండదు.

ఈ శాస్త్రంలో పాత వ్యాసం ఎంత కాలం పనికివస్తుందో చెప్పడానికి మన పక్కనే మంచి ఉదాహరణ ఉంది. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన టి. సి. జెర్డాన్ కనుగొన్న కలివి కోడి అనే పక్షిని ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో శాస్త్రలోకానికి పరిచయం చేశారు. 1900 తర్వాత అది ఎవరికీ కనబడలేదు, అంతరించిందనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున పనిచేస్తున్న భరత్ భూషణ్ 1986లో కడప జిల్లాలో దాన్ని మళ్లీ కనుగొన్నారు. పంతొమ్మిదో శతాబ్దంలో రాసిపెట్టిన ఆ వివరాలే లేకపోతే, ఏ పక్షి కోసం, ఎలాంటి పొదల అడవిలో వెతకాలో తెలిసేది కాదు. రెండేళ్ల లెక్కలో ఆ పాత రచనలకు దక్కేది సున్నా.

అందుకే జీవావరణ శాస్త్ర జర్నళ్ల ప్రభావాన్ని తెలుసుకోవాలంటే ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో పాటు, కొన్నిసార్లు దానికంటే ముందుగా, ఇంకొన్నింటిని చూడాలి. ఐదేళ్ల ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2007 నుండి లెక్కిస్తున్నారు. ఈ శాస్త్రానికి అది కొంత నయం. అంతకంటే నాకు ముఖ్యంగా తోచేది అర్ధాయువు అనదగిన మరో లెక్క: ఒక జర్నల్ వ్యాసాలను ఈ ఏడాది ఇతరులు మొత్తం ఎన్నిసార్లు పేర్కొన్నారో, అందులో సగం ఎన్నేళ్ల లోపు వ్యాసాలకు వచ్చాయో అది చెబుతుంది. బ్రిటిష్ ఎకలాజికల్ సొసైటీ 1913 నుండి నడుపుతున్న ‘జర్నల్ ఆఫ్ ఎకాలజీ’, అమెరికా జీవావరణ శాస్త్ర సంఘం 1920లో మొదలుపెట్టిన ‘ఎకాలజీ’ వంటి వాటిలో ఈ కాలం పదేళ్లకు పైబడి ఉంటుంది. ఒక వ్యాసం పదేళ్ల తర్వాత కూడా పనిచేస్తున్నదంటే అది బలహీనత ఎలా అవుతుంది? శాస్త్రాల మధ్య ఉండే అలవాట్ల తేడాను సరిచేసి చూపే స్నిప్ అనే కొలమానాన్ని నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయంలో హెంక్ మూడ్ 2010లో ప్రతిపాదించారు. మీ సంఘానికి అంకె చూపక తప్పనప్పుడు స్నిప్‌ను చూపండి. లేదా జీవావరణ శాస్త్ర జర్నళ్లను అంకెను బట్టి వరుసగా పేర్చి నాలుగు భాగాలు చేస్తే, మీ జర్నల్ పై నుండి ఎన్నో పావులో ఉందో చూపండి.

ఆ వరుసలో కూడా ఒక మెలిక ఉంది. అందులో పైన కనిపించేవాటిలో ‘ట్రెండ్స్ ఇన్ ఎకాలజీ అండ్ ఎవల్యూషన్’ వంటి సమీక్షా పత్రికలు ఉంటాయి. ఇతరుల పనిని ఒక చోట కూర్చి చెప్పే సమీక్షలను అందరూ పేర్కొంటారు కాబట్టి వాటి అంకె పెద్దది. చెరువు గట్టున నిలబడి పక్షులను లెక్కపెట్టిన వ్యాసాన్ని వాటితో పోల్చకూడదు.

వర్గీకరణ శాస్త్రానికి జరిగినది కూడా మీ సంఘం తెలుసుకోవలసిన సంగతే. కొత్త జంతు జాతుల వర్ణనలు విస్తారంగా ప్రచురించే ‘జూటాక్సా’ అనే న్యూజిలాండ్ జర్నల్ తన పాత వ్యాసాలను తానే మితిమీరి పేర్కొంటున్నదని 2020లో ఇంపాక్ట్ ఫ్యాక్టర్ జాబితా నుండి తప్పించారు. ఒక ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) కొత్త జాతిని వర్ణించేవారు పాత జాతుల వర్ణనలను పేర్కొనక తప్పదు, అవి చాలావరకు ఆ జర్నల్‌లోనే ఉన్నాయి. ప్రపంచమంతటి నుండి శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పాక కొన్ని వారాలలోనే దాన్ని తిరిగి చేర్చారు. సూత్రం ఒకటే అయినా శాస్త్రాన్ని బట్టి దాని అర్థం మారిపోతుందని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

జర్నల్ అంకెను వ్యక్తి పనికి కొలబద్దగా వాడవద్దని కోరే శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన 2012 డిసెంబరులో రూపుదిద్దుకుని 2013లో వెలువడింది. ‘నేచర్’లో 2015లో వచ్చిన లైడెన్ మేనిఫెస్టో పది సూత్రాలలోనూ ఇదే దృష్టి కనిపిస్తుంది. మీ దరఖాస్తుతో పాటు ఒక పేజీ జత చేయండి: మీ వ్యాసంలో కొత్తగా తేలినదేమిటి, దాన్ని ఎవరు, ఏ పని కోసం పేర్కొన్నారు, మీరు సేకరించిన లెక్కలు ఇతరులకు అందుబాటులో ఉన్నాయా. సంఘ సభ్యులు ఆ పేజీనైనా చదవాలని పట్టుబట్టే హక్కు మీకుంది.

ప్రశ్న: నేను ఒంగోలులో ఎం.ఎస్సీ. పర్యావరణ శాస్త్రం చదువుతున్నాను. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 7 ఉందని చెప్పే ఒక జర్నల్, డబ్బు కడితే మూడు రోజుల్లో నా వ్యాసం వేస్తామని మెయిల్ పంపింది. నమ్మవచ్చా?
— ఒక విద్యార్థి, ఒంగోలు

సమాధానం: డబ్బు కట్టకండి. వ్యాసాన్ని ఇద్దరు ముగ్గురు నిపుణులు చదివి లోపాలు చెప్పి, మీరు దిద్ది పంపడం మూడు రోజుల్లో జరిగే పని కాదు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనే పేరుతో లెక్క ప్రకటించేది క్లారివేట్ సంస్థ. దాన్ని పోలిన పేర్లతో అంకెలు అమ్మేవారు వేరే ఉన్నారు. క్లారివేట్ వారి మాస్టర్ జర్నల్ లిస్ట్‌లో ఆ జర్నల్ ఉందో లేదో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. స్కోపస్ అనే పరిశోధన వ్యాసాల సమాచార నిధి ఆధారంగా స్పెయిన్‌లో తయారయ్యే సిమాగో జర్నళ్ల పట్టిక కూడా ఉచితమే. ఐఎస్ఎస్ఎన్ సంఖ్య ఉంది కదా అని ధైర్యపడవద్దు, అది గుర్తింపు సంఖ్యే తప్ప నాణ్యతకు హామీ కాదు. ఇంతకుముందు ఆసరాగా ఉండిన, నమ్మదగిన జర్నళ్లను సూచించే యూజీసీ కేర్ జాబితాను 2025లో నిలిపివేశారు కాబట్టి, జర్నల్‌ను ఎంచే బాధ్యత ఇప్పుడు విద్యాసంస్థల మీదా మీ మీదా ఎక్కువగా పడింది. మీ మార్గదర్శకులకు ఆ మెయిల్ చూపించి, ఆ జర్నల్‌లో వచ్చిన రెండు పాత వ్యాసాలు చదవండి. వాటి నాణ్యతే మీకు జవాబు చెబుతుంది.

ప్రశ్న: మాది ఇందుకూరుపేట మండలం. రొయ్యల గుంటలు చేసుకుంటున్నాము. యూనివర్సిటీల వాళ్లు వచ్చి ఉప్పుటేరు నీళ్లు, మట్టి పట్టుకుపోతారు. ఆ తర్వాత మాకు ఏ కబురూ రాదు. వాళ్ల పరిశోధన వల్ల ఊరికి ఒరిగిందేమిటో కొలిచే లెక్క ఏదైనా ఉందా?
— ఒక రైతు

సమాధానం: మీరు అడిగినదే అసలైన ప్రభావం, పైన చెప్పిన అంకెలలో ఏదీ దాన్ని పట్టుకోదు. ఒక శాస్త్రవేత్త మరొక శాస్త్రవేత్తను పేర్కొంటేనే ఆ లెక్కలు కదులుతాయి. మీరు ఆ ఫలితం విని గుంటకు నీరు పెట్టే తీరు మార్చుకుంటే కదలవు.

మన తీరం చరిత్రలోనే దీనికి రుజువు ఉంది. తీరప్రాంత రొయ్యల సాగు మీద ఎస్. జగన్నాథ్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు ఇచ్చింది. ఆంధ్ర, తమిళనాడు తీరాలలో నాగపూర్‌కు చెందిన నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పరిశీలించి ఇచ్చిన నివేదికలను ఆ తీర్పు విస్తారంగా ఆధారం చేసుకుంది. తర్వాత ఆక్వాకల్చర్ అథారిటీ ఏర్పడడం, 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం రావడం ఆ దారిలోనే జరిగాయి. ఆ తీర్పుతో మీకు ఏకీభావం ఉన్నా లేకపోయినా, ఈ రోజు మీ గుంటకు మీరు చేయించుకునే రిజిస్ట్రేషన్ వెనుక ఆ పరిశీలన ఉంది. ఆ నివేదికలు జర్నల్ వ్యాసాలు కావు కాబట్టి ఏ జర్నల్ అంకెలోనూ అవి చేరలేదు.

ఇలాంటి ప్రభావాన్ని లెక్కలోకి తీసుకునే ప్రయత్నం కొన్ని చోట్ల జరుగుతోంది. బ్రిటన్‌లో విశ్వవిద్యాలయాల పరిశోధనను మదింపు చేసేటప్పుడు సమాజానికి కలిగిన ప్రయోజనానికి 2014లో 20 శాతం, 2021లో 25 శాతం విలువ ఇచ్చారు. ఎవరికి, ఏ మేలు, ఏ ఆధారంతో జరిగిందో సంస్థలు వివరంగా రాసి చూపవలసి వచ్చింది. మన దగ్గర కూడా అలాంటిది రావాలని నేను గట్టిగా కోరుకుంటాను. ఉప్పుటేటి మీద వచ్చిన ఒక వ్యాసం మత్స్యశాఖ సూచనలలోకి, పంచాయతీ తీర్మానంలోకి, రైతుల నోటిలోకి చేరిందా అన్నది జర్నల్ సంపాదకులు కూడా అడిగి తెలుసుకోవలసిన విషయం.

ఈసారి ఎవరైనా నమూనాల కోసం వస్తే వారి పేరు, విభాగం, మార్గదర్శకుల ఫోన్ నంబరు రాసిపెట్టుకోండి. ఏ పరీక్షలు చేస్తారో, ఫలితం ఎప్పటికి వస్తుందో అడగండి. నీటిలో ఉప్పుదనం, అమ్మోనియా, ప్రాణవాయువు ఎంత తేలిందో ఒక కాగితం మీద తెలుగులో రాసి పంపమని కోరండి. వ్యాసం అచ్చు కావడానికి ఏళ్లు పట్టవచ్చు గానీ ఈ వివరాలు ఇవ్వడానికి అన్నాళ్లు ఆగనక్కరలేదు. వారు ఇవ్వకపోతే విభాగాధిపతికి ఊరి తరఫున ఉత్తరం రాయండి.