నొప్పి లేదు, ఇక ఆడొచ్చా?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. మాది హనుమకొండకు 40 కిలోమీటర్ల దూరంలో ఒక ఊరు. సంక్రాంతి కబడ్డీ పోటీల్లో రైడ్‌కు వెళ్లి గభాల్న వెనక్కి తిరిగినప్పుడు మోకాల్లో టప్‌మని చప్పుడైంది. రాత్రికల్లా బాగా వాచింది. ఎమ్మారై తీసి ఏసీఎల్ అనే మోకాలి లోపలి లిగమెంట్ పూర్తిగా తెగిందన్నారు. తొడ వెనక నుంచి నరం తీసి ఆపరేషన్ చేశారు, ఎనిమిది వారాలైంది. దూరం, ఖర్చు వల్ల పది రోజులకే ఫిజియోథెరపీ మానేశాను. ఇప్పుడు నొప్పి లేదు, బాగానే నడుస్తున్నాను. వచ్చే నెల మండల స్థాయి పోటీలున్నాయి. రైడ్‌కు వెళ్లకుండా కార్నర్‌లో నిలబడితే ఫర్వాలేదా? అమ్మ రోజూ మోకాలి కింద దిండు పెట్టుకోమంటుంది, అది మంచిదేనా?

జవాబు: వద్దు. కార్నర్‌లో అయితే అసలే వద్దు. ఎదుటివాడి చీలమండ మీరు పట్టుకుంటారు, వాడు గింజుకుంటాడు, ఇద్దరి బరువూ పడి మెలితిరిగేది మీ మోకాలే.

మీరు నరం అంటున్నది నిజానికి టెండన్, అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు. దాన్ని తీసి, ఎముకల్లో రంధ్రాలు చేసి, తెగిన లిగమెంట్ (ఎముకను ఎముకకు కట్టి ఉంచే తాడు) చోట బిగించారు. అలా తీసి పెట్టిన ముక్కకు మొదట్లో రక్తసరఫరా ఉండదు. శరీరం అందులోకి కొత్త రక్తనాళాలు పంపి, పాత కణాల చోట కొత్తవి నింపి, నెలల తరబడి దాన్ని లిగమెంట్‌లా మార్చుకుంటుంది. ఈ మరమ్మతు జోరుగా సాగే సుమారు 6 నుంచి 12 వారాల మధ్య అది ఆపరేషన్ రోజు కంటే బలహీనంగా ఉంటుంది. మీకు నొప్పి పోయి ధైర్యం వచ్చిన రోజులూ, లోపల ఆ తాడు బాగా నీరసపడిన రోజులూ ఒకటేనన్నమాట. నా దగ్గరికి రెండోసారి తెగి వచ్చే కుర్రాళ్లలో చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

దిండు సంగతి. అమ్మ ప్రేమతోనే పెడుతుంది, కానీ తీసేయండి. మోకాలు కొంచెం వంగి ఉంటే హాయిగా ఉంటుంది కాబట్టి అలాగే బిగుసుకుపోతుంది, పూర్తిగా చాపుకోలేకపోతే తర్వాత నడకే మారిపోతుంది. మంచం మీద బోర్లా పడుకుని, మోకాళ్లు అంచు దగ్గరుంచి, పాదాలు బయటికి వదిలి ఎవరినైనా చూడమనండి. ఆపరేషనైన కాలి మడమ రెండోదానికంటే పైకి ఉంటే ఇంకా చాపు రాలేదని అర్థం. దిండు కావాలంటే మడమ కింద పెట్టి, మోకాలిని కిందికి అదుముతూ తొడ బిగించండి.

అసలు పని ఆ తొడలోనే ఉంది. మోకాల్లో వాపు ఉన్నంతకాలం తొడ ముందు కండరానికి నరాల నుంచి సరిగ్గా ఆజ్ఞ అందదు, మీరెంత బిగించినా అది సగం నిద్రలోనే ఉంటుంది. మోకాలి చిప్ప పై అంచు నుంచి 15 సెంటీమీటర్లు పైకి కొలిచి గుర్తు పెట్టుకుని, టైలర్ టేపుతో రెండు తొడలూ చుట్టి చూడండి. తేడా చూస్తే పోటీల మాట మీరే ఎత్తరు. రోజూ వెళ్లలేకపోతే రెండు వారాలకోసారైనా ఫిజియో దగ్గరికి వెళ్లి తర్వాతి మెట్టు రాయించుకుని రండి, మిగతాది ఇంట్లో చేసుకోవచ్చు: కాలు చాచి ఎత్తడం, గోడకు ఆనుకుని కొద్దిగా కూర్చుని లేవడం, మెట్టు ఎక్కి దిగడం. మర్నాడు పొద్దున మోకాలు వాచి ఉంటే నిన్న ఎక్కువ చేశారని లెక్క, తగ్గించండి. పిక్క వాచి గట్టిగా నొప్పి పెట్టినా, జ్వరం వచ్చినా మాత్రం వ్యాయామాలు ఆపి వెంటనే సర్జన్ దగ్గరికి పరుగెత్తాలి.

పరుగు మూడు నాలుగు నెలలు దాటాక, అదీ వాపు లేకపోతే. ఆటకు కనీసం తొమ్మిది నెలలు, ఆ పైన ఒంటికాలి గెంతులోనూ తొడ బలంలోనూ రెండో కాలితో పోలిస్తే 90 శాతమైనా రావాలి. వచ్చే సంక్రాంతికి ఆడే అవకాశం ఉంది, కష్టపడితే. 2022 డిసెంబర్ 30న కారు ప్రమాదంలో మోకాలి లిగమెంట్లు తెగిన రిషబ్ పంత్ మళ్లీ ఐపీఎల్ మైదానంలోకి దిగింది 2024 మార్చిలో. ఆయనది మీకంటే పెద్ద దెబ్బే, కానీ ఆయనకున్న సదుపాయాలతోనూ దాదాపు 15 నెలలు పట్టింది.

ప్రశ్న: నాకు 43 ఏళ్లు, విజయవాడలో టీచర్ని. వానలో స్కూటీ జారి ఏసీఎల్ తెగింది. ఆపరేషన్ అంటున్నారు, నాకు టెన్షన్‌గా ఉంది. చుట్టాలేమో పుత్తూరు కట్టు వేయించమంటున్నారు. ఫిజియోథెరపీతోనే సరిపెట్టుకోవచ్చా?

జవాబు: కట్టు వద్దమ్మా. మీకు విరిగింది ఎముక కాదు, వారాలపాటు కదలకుండా కట్టేస్తే ఉన్న కండరం కూడా కరిగిపోతుంది.

ఫిజియోథెరపీతో ప్రయత్నించడం మాత్రం తప్పేమీ కాదు. స్వీడన్‌లో 18 నుంచి 35 ఏళ్ల మధ్యవారు 121 మందితో చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. కొందరికి ముందే ఆపరేషన్ చేశారు, 59 మందికి ముందు వ్యాయామం చేయించి అవసరమైతేనే ఆపరేషన్ అన్నారు. రెండేళ్లకు రెండు గుంపుల ఫలితాలూ దాదాపు ఒకేలా ఉన్నాయి, ఆ 59 మందిలో 23 మందికే ఆపరేషన్ అవసరమైంది. ఐదేళ్లకు ఆ సంఖ్య 30 అయింది, ఇదీ దాచకూడదు. వాళ్లు మీకంటే చిన్నవాళ్లు, నిజమే, కానీ మీ మోకాలు కబడ్డీ ఆడక్కర్లేదు కదా, తరగతి గదిలో నిలబడి మేడ మెట్లెక్కితే చాలు.

ముందు ఎమ్మారైలో మెనిస్కస్, అంటే మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండేది, చిరిగిందేమో డాక్టర్ని అడగండి. మోకాలు మధ్యలో లాక్ అయిపోతుంటే ఆలస్యం చేయకండి. అలాంటిదేమీ లేకపోతే మూడు నెలలు మనసు పెట్టి వ్యాయామం చేయండి. అప్పటికీ నడుస్తుంటే మోకాలు జారిపోతున్నట్టు, కాలు విరిగి పడిపోతానేమో అన్నట్టు పదేపదే అవుతుంటే ఆపరేషన్ గురించి మళ్లీ ఆలోచించాలి, అలా జారిన ప్రతిసారీ లోపలి మెనిస్కస్ నలుగుతుంది. పూజకు కింద కూర్చోవడం ఇప్పుడే వద్దు, పీట కాదు, కుర్చీ వేసుకోండి.