రైఫిల్ కర్ర మార్చే ముందు

ప్రశ్న: మాది ఉదయగిరి దగ్గర మెట్ట పొలం. వేరుశనగ ఊడలు దిగి కాయ పట్టే వేళకు అడవిపందులు గుంపుగా పడి చాళ్ళన్నీ పెళ్ళగిస్తున్నాయి. నాయన తర్వాత లైసెన్సుతో సహా నా పేరు మీదికి వచ్చిన ఇషాపూర్ 315 బోర్ రైఫిల్‌కు వెనుక కర్ర మెడ దగ్గర, అంటే చేతితో పట్టుకొనే సన్నని చోట, చీలింది. విదేశీ వీడియోలలో చూపించే వెడల్పాటి ఫైబర్ స్టాక్ (రైఫిల్ కర్ర) తెప్పించుకోవాలా, లేక మా ఊరి చెక్క గరిటెల పనివారి చేత టేకుతో చేయించుకోవాలా?
— ఒక రైతు, ఉదయగిరి మండలం

జవాబు: మీరు చూసిన స్టాకులు వేరే పనికి ఉద్దేశించినవి. అమెరికాలో ప్రెయిరీ డాగ్ వంటి చిన్న జంతువులను పట్టపగలు, రెండు మూడు వందల గజాల నుంచి, ఇసుక సంచి మీద ఆనించి కాల్చేవారు బరువైన బ్యారెల్ ఉన్న రైఫిళ్ళు వాడతారు. సంచి మీద కదలకుండా నిలవడానికే ఆ ముందు భాగాన్ని వెడల్పుగా, అడుగున చదునుగా చేస్తారు. చేను గట్టున నిలబడి భుజానికెత్తే మీకు అది అదనపు బరువే. పైగా అవి చాలావరకు ఒకే ముక్క. మీ రైఫిల్ లీ ఎన్‌ఫీల్డ్ అనే పాత బ్రిటిష్ సైనిక రైఫిల్ నమూనాది కనుక దాని కర్ర రెండు ముక్కలుగా ఉంటుంది. వెనుక ముక్క ఇనుప గూడులో కూర్చొని, మడమ (భుజానికి ఆనే కొస) వైపు నుంచి దూర్చిన పొడవాటి బోల్టుతో బిగుసుకొని ఉంటుంది. కాబట్టి మీకు కావలసింది వెనుక ముక్క ఒక్కటే. అయితే ఈ నమూనా పాత సైనిక రైఫిళ్ళలో ఆ బోల్టు కొస ముందు కర్రలోని పలకలో చిక్కుకొని ఉంటుంది. ముందు కర్ర తీయకుండా బోల్టు తిప్పితే ఆ ముందు కర్ర కూడా చీలుతుంది. అందుచేత స్క్రూడ్రైవర్ మీరు పట్టుకోవద్దు.

చెక్క విషయంలో నా ఓటు బాగా ఆరిన అక్రోటు చెక్కకే. అది బరువుకు తగ్గ గట్టిదనం గలది, దెబ్బకు తట్టుకొంటుంది, తేమకు పెద్దగా వంకర పోదు. టేకు తలుపులకు మేలైనదే గాని, దానిలోని నూనె వల్ల జిగురు సరిగా పట్టదు, సన్నని మెడ దగ్గర అదాటుకు (కాల్చినప్పుడు వెనక్కి తన్నే దెబ్బకు) పెళుసుగా విరిగే గుణమూ ఉంది. ఏ చెక్కయినా మెడ భాగంలో ఈనెలు (చెక్కలోని నార గీతలు) కర్ర పొడవునా సాగాలి. అడ్డంగా తెగి బయటపడితే ఎంత అందమైన ముక్కయినా వద్దనండి. పచ్చి చెక్కతో చేసిన కర్ర రోహిణి కార్తె ఎండలకు కుంచించుకొని గూడులో వదులవుతుంది, కార్తీకం వానలకు ఉబ్బుతుంది. గట్టి ఫైబర్‌కు ఈ బాధ లేదు, కానీ తేలికైన కర్రతో భుజానికి తగిలే దెబ్బ పెరుగుతుంది.

పొడవు కొలత మరవవద్దు. ఖాళీ రైఫిల్ మడమను మోచేతి మడతలో ఆనించి, చేయి లంబంగా వంచితే చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్‌ను అందుకోవాలి. ఈ నమూనా కర్రలను పూర్వం పొట్టి, మామూలు, పొడవు రకాలుగా అర అంగుళం తేడాతో చేసేవారు. మీ నాయనగారికి సరిపోయింది మీకు సరిపోవాలని లేదు.

ఉదయగిరి పనివారి చేతి నైపుణ్యం మీద నాకు ఎంతో గౌరవం ఉంది, కానీ రైఫిల్ వారి దగ్గర వదలరాదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకుల మరమ్మతు వృత్తికి లైసెన్సు కావాలి. అది ఉన్న దుకాణానికే ఇచ్చి రసీదు తీసుకోండి. తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ కింద అటవీ అధికారుల రాతపూర్వక అనుమతి ముందుగా పొందాలి.

కొత్త కర్రకు నూనె పట్టించక ముందే ఒకసారి వెళ్ళి చూడండి. గూడు లోపల దీపపు మసి పూసి కర్రను నొక్కి తీస్తే, ఎక్కడ ఆనుతోందో అక్కడ నల్లబడుతుంది. ఒకటి రెండు చోట్లే మచ్చలుంటే అదాటు భారమంతా అక్కడే పడి మళ్ళీ చీలుతుంది. చుట్టూ సమంగా నల్లబడే దాకా ఆ మిట్టలను గీకి సరిచేయమని అడగండి.