టెక్ సందేహాలు: తెల్లవారేసరికి అక్వేరియం పీహెచ్ ఎందుకు పడిపోతోంది?

ప్రశ్న: మా ఇంట్లో 200 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం ఉంది. రెండు క్లౌన్ ఫిష్‌లను పెంచుతున్నాం. ఈమధ్యే నీటిని కొలిచి ఫోన్‌కు చూపే వైఫై మీటర్ కొన్నాను. యాప్‌లో పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే అంకె) సాయంత్రం 8.3, తెల్లవారుజామున 7.9 చూపిస్తోంది. ఉప్పదనం అయిదు రోజుల్లో 35 నుంచి 37 పీపీటీకి (వెయ్యి భాగాల్లో ఉప్పు ఎన్ని భాగాలో చెప్పే కొలత) పెరిగింది. అలర్ట్‌ల మోతతో టెన్షన్‌గా ఉంది. పీహెచ్ పెంచే మందు వేయాలా? – హైదరాబాద్ పాఠకుడు

జవాబు: మందు వద్దండి. మీ పీహెచ్ బాగానే ఉంది. లైట్లు వెలిగినంతసేపూ ట్యాంకులోని నాచు కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది కాబట్టి పీహెచ్ పెరుగుతుంది. రాత్రి ఆ పని ఆగిపోతుంది, గ్యాస్ నీటిలో పేరుకుంటుంది, పీహెచ్ తగ్గుతుంది. తలుపులు మూసిన ఏసీ గదిలో మనుషులు పడుకుంటే ఇంకాస్త తగ్గుతుంది. యాప్‌లో అలర్ట్ హద్దులను 7.8, 8.4గా మార్చుకోండి.

నిజంగా పట్టించుకోవాల్సింది ఉప్పదనం. ఆవిరైపోయేది నీరు మాత్రమే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. రోజుకు రెండు లీటర్లు తగ్గినా అయిదు రోజుల్లో మీరు చెప్పిన 37 దగ్గరికి వస్తుంది. తగ్గిన మేరకు శుద్ధమైన నీళ్లే పోయాలి, ఉప్పు కలిపినవి కాదు. ఇప్పుడు పెరిగినదాన్ని మాత్రం ఒక్కసారిగా దించకండి, ఒకటి రెండు రోజుల్లో కొద్దికొద్దిగా పోయండి.

ఈ పనికి ఆటో టాప్ ఆఫ్ అనే పరికరం ఉంది. నీటిమట్టం తగ్గగానే సెన్సర్ గుర్తించి చిన్న మోటారుతో నింపుతుంది. ఉప్పునీటి ట్యాంకుకు ఒక్క గ్యాడ్జెట్ కొనే డబ్బే ఉంటే నేను దీన్నే కొంటాను. దానికి నీళ్లందించే డబ్బా 10 లీటర్లకు మించినది పెట్టొద్దు. సెన్సర్ మొరాయించి డబ్బా మొత్తం ఖాళీ అయినా ఉప్పదనం 33 దగ్గర ఆగుతుంది, చేపలు బతుకుతాయి. వంటింటి ఆర్వో నీళ్లను నేరుగా పోయకండి. చాలా మెషీన్లలో రుచి కోసం కొంత మామూలు నీటిని కలుపుతారు. ఆర్వో తర్వాత, మిగిలిన లవణాలను తొలగించే డీఐ కార్ట్రిడ్జ్ పెట్టి, నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్‌లో సున్నా వచ్చాకే వాడండి.

మీటర్ అంకెలను నమ్మాలంటే కాలిబ్రేషన్, అంటే విలువ ముందే తెలిసిన ద్రావణంతో సరిచూసుకోవడం తప్పదు. పీహెచ్ ప్రోబ్‌కు (నీటిలో ముంచే సెన్సర్) 7, 10 పీహెచ్ ద్రావణాలు, ఉప్పదనానికి 35 పీపీటీ ద్రావణం కావాలి. నెలకోసారి చూసుకోండి. ప్రోబ్‌ను ఆరనివ్వకండి, డిస్టిల్డ్ వాటర్‌లో నిల్వ ఉంచకండి. దాని స్టోరేజ్ ద్రావణంలోనే ఉంచాలి.

ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఇలాంటి వైఫై మీటర్లు సాధారణంగా చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను కొలవవు. చేపలను చంపేది ఎక్కువగా అదే, పైగా పీహెచ్ ఎక్కువున్న ఉప్పునీటిలో దాని విషం ఇంకా తీవ్రం. ట్యాంకు పెట్టిన మొదటి ఆరు వారాలు, కొత్త చేపను వేసినప్పుడల్లా చుక్కల టెస్ట్ కిట్‌తో చూడండి. అమ్మోనియా, దాని నుంచి తయారయ్యే నైట్రైట్ రెండూ సున్నా రావాలి. అమ్మోనియా కనిపిస్తే యాప్‌లో అన్నీ పచ్చగా ఉన్నా సరే, వెంటనే కొంత నీరు మార్చండి. కొత్త నీటి ఉప్పదనం, వేడి పాతదానితో సమానంగా ఉండాలి.

ప్రశ్న: కరెంటు పోయి వచ్చాక స్మార్ట్ ప్లగ్ ఆన్ కావడం లేదు. అక్వేరియం పంపు రాత్రంతా ఆగిపోయింది. ఏం చేయాలి? – విజయవాడ పాఠకురాలు

జవాబు: చాలా ప్లగ్‌ల యాప్ సెట్టింగ్స్‌లో, కరెంటు తిరిగొచ్చాక ప్లగ్ ఏ స్థితిలో ఉండాలో ఎంచుకునే ఆప్షన్ ఉంటుంది. దాన్ని ఆన్‌గా మార్చండి. మీ ప్లగ్‌లో అది లేకపోతే పంపును మామూలు సాకెట్‌కే పెట్టండి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు కూడా ఒకటి కొనండి. కరెంటు పోగానే దానంతటదే మొదలయ్యే రకమైతే మీరు ఇంట్లో లేకపోయినా చేపలకు గాలి అందుతుంది.