బొమ్మకన్నా బొరుసే ఎక్కువ చెబుతుంది

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గరి పల్లె. మా తాతగారి ఇనుప పెట్టెలో బొటనవేలి గోరంత పచ్చబారిన నాణెం ఒకటి దొరికింది. ఒకవైపు పురుషుని తల, చుట్టూ ఇంగ్లీషు వంటి అక్షరాలు. రెండోవైపు ఇద్దరు సైనికులు, వారి నడుమ ఒక జెండాకర్ర ఉన్నాయి. ఇది రోమన్ నాణెమేనా? ఏ రాజుది? చింతపండుతో తోమితే అక్షరాలు తేటపడతాయా?

జవాబు: మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్పాలి: దయచేసి తోమకండి. కంచు మీద శతాబ్దాలుగా ఏర్పడిన పచ్చని పొరలోనే చాలాసార్లు అక్షరాల అంచులు నిలిచి ఉంటాయి. ఇత్తడి బిందెకు మెరుపు తెచ్చే పులుపు ఆ పొరను తినేస్తే అక్షరాలూ దానితోపాటే పోతాయి.

మీ వర్ణనను బట్టి ఇది క్రీ.శ. 4వ శతాబ్దపు రోమన్ కంచు నాణెం కావడానికే ఎక్కువ అవకాశం ఉంది. సైనికుల చుట్టూ 'గ్లోరియా ఎక్సెర్సిటస్', అంటే 'సైన్యపు కీర్తి' అని ఉందేమో చూడండి. లాటిన్ నాణేల మీద 'యు' బదులు 'వి' ఆకారమే కనిపిస్తుంది. ఈ రకంలో 330 నుంచి 335 వరకు సైనికుల నడుమ రెండు జెండాకర్రలు ఉండేవి. ఆ తరువాత నాణెం బరువు తగ్గించి సుమారు ఒకటిన్నర గ్రాములకు తెచ్చినప్పుడు ఒక్క కర్రే మిగిలింది, అది 341 ప్రాంతం వరకు సాగింది. కాబట్టి రాజు పేరు తెలియకముందే కాలం తెలిసిపోతుంది.

రాజును గుర్తించడమే కష్టం. కాన్‌స్టంటైన్ చక్రవర్తి, ఆయన కుమారులు రెండవ కాన్‌స్టంటైన్, రెండవ కాన్‌స్టాంటియస్, కాన్‌స్టాన్స్ అందరూ ఇదే బొరుసు వాడారు. పేర్లూ ఒకదాన్నొకటి పోలినవే. తలపై ఆకుల దండ ఉంటే యువరాజుగా ఉన్నప్పటిదనీ, ముత్యాల పట్టీ ఉంటే చక్రవర్తిదనీ స్థూలంగా అనుకోవచ్చు. 337లో తండ్రి మరణించాక కుమారులూ పట్టీ ధరించారు. సైనికుల పాదాల కింద గీత దిగువన ఉండే చిన్న అక్షరాలు టంకశాలవి: 'సి ఓ ఎన్ ఎస్' కాన్‌స్టాంటినోపుల్, 'ఎస్ ఎం ఎ ఎన్' అంటియోక్, 'ఎస్ ఎం ఎ ఎల్' అలెగ్జాండ్రియా.

ఒక్క అనుమానం తీర్చుకోవాలి. ఈస్టిండియా కంపెనీ 1808 నాటి పది కాసుల రాగి నాణెం మీదా ఇంగ్లీషు అక్షరాలుంటాయి, డాలుకు ఇరువైపులా నిలబడ్డ సింహాలు అరిగిపోతే మనుషుల్లా కనిపిస్తాయి. అయితే దాని రెండోవైపు పారసీ రాత ఉంటుంది, తల ఉండదు. మన నల్గొండ జిల్లాకు రోమన్ నాణేలు కొత్త కాదు. అక్కనపల్లిలో తొలి రోమన్ చక్రవర్తులు అగస్టస్, టైబీరియస్‌ల వెండి దీనారాల నిధి బయటపడింది. అవి మీ నాణెంకన్నా దాదాపు మూడు వందల ఏళ్లు పాతవి. అందుకే మీ తాతగారికి ఇది ఎక్కడిదో ఇంట్లో పెద్దలను అడగడం ముఖ్యం. పొలంలో దొరికిందైతే నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయవలసి రావచ్చు.

నాణేన్ని పొడి కాగితంలో ఉంచి, కంసాలి త్రాసు మీద తూచి, వెలుతురు పక్కనుంచి పడేలా రెండువైపులా ఫోటోలు తీసి పంపండి. పాదాల కింది అక్షరాలు ఎంత వరకు కనిపిస్తే అంత వరకు, ఊహించకుండా, ఉన్నవి ఉన్నట్టే రాయండి.